రికార్డు ప్రకారం తల్లి

మా పట్టణాన్ని అనాథరహిత పట్టణంగా ప్రకటించడానికి సరిగ్గా పన్నెండు రోజుల ముందు, కాలవగట్టు పార్కులోని పక్షిశాలలో ఒక ఆడ ఫించ్ పిట్ట చచ్చిపోయింది. చావడానికి అది ఎంచుకున్న సమయం బాగాలేదని ఆ తర్వాత జరిగిన ప్రతి సమావేశంలోనూ మా కమిషనర్ గారు అన్నారు.

నా పేరు కామేశం. మునిసిపల్ ఆఫీసులో పార్కుల సెక్షన్ సీనియర్ అసిస్టెంటుని. ఈ వ్యవహారంలో ప్రతి కాగితమూ నా బల్ల మీదుగానే నడిచింది కాబట్టి, జరిగింది జరిగినట్టు చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ ఏడు మా మునిసిపాలిటీకి తల్లిప్రేమ పట్టుకుంది. అంతకుముందు ఏడు చేతులు కడుక్కోవడం పట్టుకుంది. దాని ముందటేడు గుడ్డ సంచులు. కమిషనర్ గారు ఎక్కడో మూడు రోజుల శిక్షణకు వెళ్లి, ‘తల్లి లేని బిడ్డ లేని పట్టణం’ అనే నినాదంతో తిరిగొచ్చారు. కార్యక్రమానికి మాతృచ్ఛాయ అని పేరు పెట్టారు. నియమం ఒక్కటే. మునిసిపాలిటీ పరిధిలో తల్లి లేని ప్రతి పసిబిడ్డకూ పదిహేను రోజుల్లోగా ఒక తల్లిని నియమించాలి. అలా నియమితురాలైన ఆవిణ్ణి రికార్డు తల్లి అంటారు. ఆవిడ బిడ్డ మొహం చూడాలనీ, అన్నం పెట్టాలనీ నియమంలో లేదు. రికార్డులో ఉంటే చాలు.

‘తండ్రి ఉన్న పిల్లల సంగతేంటండీ?’ అని మొదటి సమావేశంలో ఒక వార్డు గుమాస్తా అడిగాడు. ఫారంలో తండ్రికి గడి లేదని జవాబొచ్చింది. అతను కూర్చున్నాడు.

మూడు నెలల్లో నలభై ఒక్కమంది పిల్లలు దొరికారు. నలభై ఒక్కమందికీ తల్లులు దొరికారు. పట్టణం కాలవకు రెండు వైపులా అనాథరహితమైంది. ఇక ప్రకటన సభ ఒకటే మిగిలింది. సభాస్థలి కాలవగట్టు పార్కు. పెద్దలొస్తున్నారు కదా అని శనివారం నాడు పార్కంతా దోమల పొగ వదిలారు. సోమవారం పొద్దున పిట్ట చచ్చిపడి ఉంది.

పక్షిశాల అంటే ఏదో పెద్దదనుకోకండి. ఇనప తీగ అల్లిన గది ఒకటి. పైన రేకు. లోపల ఏడు జంటల ఫించ్‌లు. గుప్పెట్లో పట్టేటంత పిట్టలు, ఎర్రటి ముక్కులు. వాటికి గూళ్లుగా చిన్న చిన్న మట్టికుండల్ని పక్కకి వాల్చి కట్టారు. మగదానికి చెంపల మీద ఇటికరాయి రంగు మచ్చలుంటాయి, ఆడదానికి ఉండవు. ఈ గదిని పద్దెనిమిదేళ్లుగా చూసుకుంటున్నది నూకరత్నం. ఆవిడ ఉద్యోగం నిజానికి పార్కు ఊడవడం. పక్షుల్ని చూడమని ఎవరూ చెప్పలేదు. చూడొద్దని కూడా ఎవరూ చెప్పకపోవడంతో చూస్తూ వచ్చింది.

ఆవేళ నేను వెళ్లేసరికి చచ్చిన పిట్టని తమలపాకులో పెట్టుకుని నుంచుంది.

‘పొగ పడలేదండి దీనికి’ అంది. ‘కుండలో ఐదు పిల్లలున్నాయండి. ఆరో రోజు. ఇంకా ఈకలు కూడా రాలేదు.’

‘మరి బతుకుతాయా?’

‘ఎందుకు బతకవండీ? బుగ్గలోడున్నాడు కదా.’

బుగ్గలోడంటే మగపిట్ట. ఆవిడ వేలు చూపించిన కుండ దగ్గర అది ఒక నిమిషం కూడా కుదురుగా లేదు. కింద మూకుట్లో నానబెట్టిన కొర్రలు, ఉడికించి చిదిపిన కోడిగుడ్డు ఉన్నాయి. గబగబా తిని, ఎగిరి కుండ మూతి మీద వాలి, తల లోపలికి దూర్చేది. లోపల్నించి చిన్న గలగల. మళ్లీ కిందికి. తొమ్మిదింటినించి తొమ్మిదింబావు దాకా పదకొండుసార్లు తిరిగింది. నేను లెక్కపెట్టాను, నాకు పని లేక కాదు, చూపు తిప్పుకోలేక.

‘అదున్నప్పుడు ఇద్దరూ వంతులేసుకునేవోరండి’ అంది నూకరత్నం. ‘ఇప్పుడు ఆ వంతు కూడా ఈడే లాగుతున్నాడు. రాత్రుళ్లు ఈడే పొదుముకుని పడుకుంటన్నాడు. నేను పక్కన బల్బొకటి కట్టాను, వెచ్చగా ఉంటదని.’

అక్కడితో ఆగి నేను ఆఫీసుకి వెళ్లి నా పని చూసుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ మునిసిపాలిటీ ఆస్తి ఏదైనా తగ్గితే తెలియపరచాలి. ‘ఆడ ఫించ్ పక్షి ఒకటి మరణించినది. ఐదు పిల్లలు కలవు. మగ పక్షి పోషించుచున్నది’ అని మూడు వాక్యాలు రాసి పైకి పంపాను. పదకొండింటికి పిలుపొచ్చింది.

కమిషనర్ గారి గదిలో మాతృచ్ఛాయ నోడల్ అధికారిణి త్రివేణి గారు అప్పటికే కూర్చుని ఉన్నారు. ఆవిడ చేతిలో కార్యక్రమం మార్గదర్శకాల పుస్తకం ఉంది.

‘కామేశం గారూ, ఇలా కూర్చోండి’ అన్నారు కమిషనర్ గారు. కూర్చోమన్నారంటే విషయం తీవ్రమైనదని అర్థం. ‘మన మార్గదర్శకాల్లో రెండో పేరా చదవండి మేడం.’

ఆవిడ చదివారు. ‘పురపాలక పరిధిలో తల్లి ఒడికి దూరమైన ప్రతి పసిప్రాణికీ...’

‘ప్రాణి’ అన్నారు కమిషనర్ గారు. ‘బిడ్డ అని కాదు, ప్రాణి.’

ఆ మాట పెట్టింది ఆయనే. ‘పసిబిడ్డ’ అని నేను చిత్తు రాస్తే, అందులో గుండె తడి లేదని కొట్టేసి ‘పసిప్రాణి’ అని రాశారు. ఆ సంగతి నేను గుర్తు చేయలేదు.

‘అంటే మన సొంత పార్కులో, సభ జరగబోయే వేదికకి ముప్ఫై అడుగుల దూరంలో, ఐదుగురు అనాథలున్నారు’ అన్నారాయన.

‘తండ్రున్నాడండి’ అన్నాను.

త్రివేణి గారు పుస్తకం మూశారు. ‘దానికి గడి లేదు కదండీ.’

మధ్యాహ్నం ఆవిడ స్వయంగా తనిఖీకి వచ్చారు. వచ్చేటప్పటికి బుగ్గలోడు కుండలో తల దూర్చి ఉన్నాడు. ఆవిడ చాలాసేపు చూశారు.

‘ఈ మగపక్షి ఇక్కడేం చేస్తోంది?’

‘మేపుతున్నాడండి’ అంది నూకరత్నం.

‘ఏ హోదాలో?’

నూకరత్నం నావైపు చూసింది. ‘వాటి తండ్రండీ’ అన్నాను నేను.

‘ఆధారం ఉందా?’

ఆధారం లేదు. పిట్టలు పెళ్లి రిజిస్టరు చేయించుకోలేదు. పిల్లల పుట్టుక కూడా ఎక్కడా నమోదు కాలేదు. అదే మాట కొంచెం మెత్తగా చెప్పాను.

‘చూడండి కామేశం గారూ, నాకు ఈ పక్షి మీద వ్యక్తిగతంగా ఎలాంటి అభిప్రాయమూ లేదు. బంధుత్వం నిర్ధారణ కాని ఒక వయోజన పురుషుణ్ణి మైనర్లతో ఒకే గూట్లో ఉంచితే రేపు ఏదైనా జరిగితే జవాబు చెప్పేది నేను. విచారణ పూర్తయ్యేదాకా దీన్ని వేరుగా ఉంచండి.’

‘వేరుగా ఉంచితే పిల్లలకి మేతెవరు పెడతారండీ?’ అంది నూకరత్నం.

‘తల్లులు’ అన్నారు త్రివేణి గారు. ‘సాయంత్రానికల్లా నియమిస్తున్నాం.’

బుగ్గలోణ్ణి పట్టుకుని చిన్న పంజరంలో పెట్టి వాచ్‌మన్ గదిలో ఉంచారు. పట్టుకున్నది నూకరత్నమే. ఇంకెవరికీ పట్టుకోవడం రాదు.

సాయంత్రానికి అన్నట్టుగానే ఉత్తర్వు వచ్చింది. ఐదు పిల్లలకి ఐదుగురు మహిళా ఉద్యోగులు తల్లులు. సీనియారిటీ ప్రకారం కేటాయించారు. పెద్దగా, చురుగ్గా ఉన్న పిల్ల ఇంజనీరింగ్ సూపరింటెండెంటు గారికి వచ్చింది. అన్నింటికన్నా చిన్నది, మెడ సరిగ్గా నిలబడనిది, నిరుడే చేరిన టైపిస్టు హేమలతకి. పన్నుల సెక్షన్‌లోని ఒకావిడ తన సీనియారిటీని తప్పు లెక్కగట్టారని అభ్యంతరం రాసిచ్చారు. తనకి రెండో పిల్ల రావాలట, నాలుగోది ఇచ్చారట. ఆ అభ్యంతరం పరిశీలనలో ఉండగా పొద్దు గూకింది.

మర్నాడు పొద్దున్నే ఐదుగురూ వచ్చారు. పట్టుచీరలు కట్టుకొచ్చారు, ఫొటో ఉందని చెప్పారు కాబట్టి. ఒక్కొక్కరికీ చేతి తొడుగులు, చిన్న చెంచా ఇచ్చారు. పిట్టపిల్ల నోరు గోరంత, చెంచా బొటనవేలంత. వాళ్లు చెంచా దగ్గర పెడితే పిల్లలు నోళ్లు మూసేసుకున్నాయి. ఇంజనీరింగ్ సూపరింటెండెంటు గారు ‘ఆ అనమ్మా, ఆ’ అని బతిమాలారు. అది అనలేదు. ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి. పదిన్నరకి అందరూ సీట్లలోకి వెళ్లిపోయారు, ఎందుకంటే తల్లి విధులకి ప్రత్యేక అనుమతి సెలవు మంజూరు కాలేదు.

వాళ్లు వెళ్లాక నూకరత్నం చీపురుపుల్ల ఒకటి విరిచి, కొసని పళ్లతో నలిపి మెత్తబరిచి, దానికి గుడ్డుముద్ద కొంచెం అంటించి పిల్లల నోళ్లకి అందించడం మొదలుపెట్టింది. అవి తెరిచాయి. నాలుగు తిన్నాయి. ఐదోది, హేమలత పిల్ల, తల ఎత్తలేదు.

‘రాత్రి సలిగాలండి’ అంది నూకరత్నం. ‘బల్బు ఏడి సరిపోలేదు. ఈడుంటే పైన కూసునేవోడు.’

పదకొండింటికి అది పోయింది. పన్నెండింటికి త్రివేణి గారు వచ్చి చీపురుపుల్ల స్వాధీనం చేసుకున్నారు. నియమితులు కానివారు మేత పెట్టకూడదు. నూకరత్నాన్ని కూడా తల్లిగా నియమించొచ్చు కదా అన్నాను. ఆవిడ కాంట్రాక్టు మనిషి, రెగ్యులర్ కాదు, కాబట్టి శాశ్వత స్వభావం గల బాధ్యత అప్పగించడం కుదరదన్నారు.

కమిషనర్ గారు ఆ మధ్యాహ్నం త్రివేణి గారినీ నన్నూ మళ్లీ పిలిచారు. పిల్ల చచ్చిందన్న నా కాగితం ఆయన ముందుంది. ఆయన చెడ్డమనిషి కాదు, ఆ మాట చెప్పాలి. ఇంటిదగ్గర కుక్కని పెంచుకుంటారు.

‘మేడం, నేనొక మాటంటాను, అపార్థం చేసుకోవద్దు’ అన్నారు. ‘నిన్న ఐదుగురు అనాథలు. ఇవాళ నలుగురు. సభ ఇంకా పదకొండు రోజులుంది.’

త్రివేణి గారు కళ్లజోడు తుడుచుకున్నారు. ‘అర్థమైంది సార్.’

‘అలా జరగాలని నేననడం లేదు. జరిగితే, పరిస్థితి దానంతటదే సర్దుకుంటుందని మాత్రం గమనిస్తున్నాను.’

‘నమోదు చేసుకున్నాను సార్.’

నేను కూడా నమోదు చేసుకున్నాను, పుస్తకంలో కాదు. బయటికొచ్చి తిన్నగా పార్కుకి వెళ్లాను. నూకరత్నం పక్షిశాల అరుగు మీద కూర్చుని ఉంది. వాచ్‌మన్ గదిలోంచి బుగ్గలోడు పిలుస్తున్నాడు. కుండలోంచి పిల్లలు జవాబిస్తున్నాయి. మధ్య దూరం ఇరవై గజాలుండదు.

‘పొద్దుటేల నించీ ఇదేనండి’ అంది. ‘ఈడు పిలవడం, అయ్యి పలకడం. ఇప్పుడు పలకడం తగ్గిందండి.’

నేను ఆవిడ పక్కనే కూర్చున్నాను.

‘బాబూ, ఒక్క మాటడుగుతాను, తప్పనుకోకండి’ అంది నూకరత్నం. ‘మీ ఆవిడ పోయి మూడేళ్లయింది కదండీ. పాపకి మీరే కదా జడేసి బడికంపుతున్నారు. మరి మిమ్మల్ని తీసుకెళ్లి ఇలాగ ఏరే గదిలో ఎందుకు పెట్టలేదండీ?’

మా ఇల్లు కూడా ఆ నలభై ఒక్కటిలో ఉంది. కిందటి నెల మా వాసంతి పేరుమీద తపాలాలో ఒక కాగితం వచ్చింది. ‘చిరంజీవి వాసంతికి, మీ తల్లిగా పన్నుల విభాగం నందు పనిచేయుచున్న ఫలానావారు నియమింపబడినారని తెలియజేయుటకు సంతోషించుచున్నాము.’ ఆ కాగితం చిత్తు రాసింది నేనే. దాన్ని మా ఇంటికి పంపించిన కవరు మీద చిరునామా రాసింది కూడా నేనే. వాసంతికి పదేళ్లు. రెండుసార్లు చదివింది. ‘ఈవిడ మనింటికొస్తారా నాన్నా?’ అనడిగింది. రారన్నాను. ‘నేను వెళ్లాలా?’ అక్కర్లేదన్నాను. ‘మరి నువ్వేమవుతావు?’ అంది. ‘నేను నాన్ననే’ అన్నాను. ‘అది ఇందులో రాయలేదే’ అని కాగితం వెనక్కి తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు.

ఆ రోజు నేను నవ్వేసి ఊరుకున్నాను. నూకరత్నం అడిగినప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

ఇరవై రెండేళ్లుగా ఫైళ్ల మధ్య బతికినవాడికి ఒక్కటే విద్య తెలుస్తుంది. కాగితాన్ని కాగితమే ఆపగలదు. ఆఫీసుకెళ్లి హేమలత పేరుమీద ఒక మెమో తయారుచేశాను. ‘మీ సంరక్షణలో ఉన్న పసిప్రాణి నియామకమైన ఇరవై నాలుగు గంటల్లోపే మరణించిన విషయమై, మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలెను.’ నిబంధనల ప్రకారం అది ఇవ్వాల్సిందే. కమిషనర్ గారు సంతకం పెట్టి పంపారు. ఆయనకి నిబంధనలంటే గౌరవం. హేమలతకి ముందే చెప్పాను, ‘అమ్మా, భయపడకు, ఇది నీకు కాదు, మిగతావాళ్లకి’ అని. ఆ అమ్మాయి తెలివైనది. మెమో పట్టుకుని సెక్షన్ సెక్షన్‌కీ తిరిగి ఏడ్చింది.

నాలుగున్నరకల్లా మిగతా నలుగురు తల్లులూ మాతృత్వానికి రాజీనామా చేశారు. ఇద్దరు ఆరోగ్య కారణాలు చూపారు. సీనియారిటీ అభ్యంతరం పెట్టినావిడ తన అభ్యంతరాన్ని ఉపసంహరించుకుంటూ, అసలు తాను మొదటినుంచీ జూనియర్‌నేనని రాసిచ్చారు.

నలుగురు పిల్లలు, తల్లుల ఖాళీలు నాలుగు, సభకి పదకొండు రోజులు. అప్పుడు తీశాను నేను ఫారం నాలుగు.

రికార్డు తల్లి వివరాల ఫారం అది. ఇంతకు ముందు నలభై ఒక్కసార్లు నింపాను కాని ఎప్పుడూ శ్రద్ధగా చదవలేదు. పేరు, వయసు, చిరునామా, పిల్లలతో పరిచయం, పిల్లలకి అందుబాటులో ఉండే గంటలు. అంతే. లింగం గడి లేదు. ఎందుకుంటుంది? తల్లిని పట్టుకుని ఆడా మగా అని ఎవరడుగుతారు?

పేరు: బుగ్గలమ్మ. వయసు: రెండేళ్లు. చిరునామా: మూడో కుండ, పక్షిశాల, కాలవగట్టు పార్కు. పిల్లలతో పరిచయం: పుట్టినప్పట్నించీ. అందుబాటులో ఉండే గంటలు: ఇరవై నాలుగు.

పశువైద్యుడి ధ్రువీకరణ కావాలి. ఇమ్మానుయేల్ గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన అప్పుడే ఒక గేదెకి ఇంజెక్షన్ చేసి చేతులు కడుక్కుంటున్నారు. ఫారం చదివి నా మొహంలోకి చూశారు.

‘బుగ్గలమ్మకి బుగ్గల మీద మచ్చలున్నాయా కామేశం గారూ?’

‘ఉన్నాయండి.’

‘మేత పెడుతోందా?’

‘పదిహేను నిమిషాల్లో పదకొండుసార్లండి.’

ఆయన జేబులోంచి పెన్ను తీశారు. ‘ఇక్కడ నన్నడిగింది సంరక్షణ సామర్థ్యం ఉందా అనే కదా. ఉంది. అడగనిదానికి నేనెందుకు చెప్పాలి?’ సంతకం పెట్టి ముద్ర కూడా వేశారు. ముద్ర కొంచెం గట్టిగానే వేశారు.

ఆఫీసుకి తిరిగొచ్చేసరికి ఐదున్నర. త్రివేణి గారు ఫారం మొత్తం చదివి, మొదటిసారి మెచ్చుకోలుగా తలూపారు. ‘చూశారా, వెతికితే దొరికింది. ఇరవై నాలుగు గంటలూ అందుబాటులో ఉండే తల్లి మన నలభై ఒక్క కేసుల్లో ఒక్కరైనా ఉన్నారా? ఈ బుగ్గలమ్మ ఇన్నాళ్లూ ఎక్కడుంది?’

‘వాచ్‌మన్ గదిలోనండి’ అన్నాను.

ఆరింటికి ఉత్తర్వు చేతికొచ్చింది. ‘సదరు తల్లిని తక్షణమే పిల్లల చెంతకు చేర్చవలెను.’ నేను చదవడం పూర్తయ్యేలోపే నూకరత్నం పంజరం తలుపు తీసేసింది. బుగ్గలోడు గదిలోకి వెళ్లి తిన్నగా మూకుడు మీద వాలాడు. మూడుసార్లు గుడ్డు పొడుచుకు మింగి, కుండ మూతి మీదికెక్కి, తల లోపల పెట్టాడు. గలగల వినిపించింది. సన్నగానే వినిపించింది, కాని నాలుగు గొంతులూ ఉన్నాయి. నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుని, ‘చీపురుపుల్ల ఎనక్కిప్పించండి బాబూ, అది ఆఫీసు చీపురుదే’ అంది.

సభనాటికి పిల్లలకి పద్దెనిమిది రోజులు. ఈకలొచ్చాయి, ముక్కులింకా నల్లగానే ఉన్నాయి. కుండ మూతి దగ్గర నాలుగు తలలు వరసగా కనబడేవి. పార్కంతా షామియానాలు వేశారు. జిల్లా నుంచి పెద్దలొచ్చారు. కమిషనర్ గారు ముప్ఫై ఐదు నిమిషాలు మాట్లాడారు. ‘మనిషికే కాదు, పక్షికి కూడా తల్లిని వెతికిచ్చిన ఏకైక పురపాలక సంఘం మనది’ అన్నప్పుడు చప్పట్లు మోగాయి. తర్వాత ఉత్తమ రికార్డు తల్లి సత్కారం. నలభై రెండుమంది తల్లుల్లో విధులకి ఒక్కపూట కూడా గైర్హాజరు కానిది బుగ్గలమ్మేనని తేలింది.

ముఖ్య అతిథి గారు చీర, పసుపు, కుంకుమ ఉన్న పళ్లెం పట్టుకుని తీగ దగ్గరికి వచ్చారు. బుగ్గలోడు కొమ్మ మీద నిలబడి, గొంతు ఉబ్బించి పాడటం మొదలుపెట్టాడు. ఫించ్‌లలో మగవే పాడతాయి. ముందు వరసలో కూర్చున్న రిటైర్డు సైన్సు మాస్టారు సోమయాజులు గారు లేచి నిలబడ్డారు.

‘ఇది మగదండీ’ అన్నారాయన. ‘చెంపలు చూడండి. పాట వినండి. మగది.’

ఇమ్మానుయేల్ గారు చెప్పుల వంక చూసుకుంటున్నారు. కమిషనర్ గారు మైకు దగ్గరికి వచ్చారు. మొహంలో తొట్రుపాటు లేదు.

‘మాస్టారూ, మీ అనుభవాన్ని గౌరవిస్తాం. కానీ మీరు పిట్టని చూసి చెబుతున్నారు. మేం ఫైలు చూసి చెబుతున్నాం. పిట్ట ఎగిరిపోతుంది. ఫైలు ఉంటుంది. కూర్చోండి.’

మాస్టారు కూర్చున్నారు. చీర తీగకి చుట్టారు. సరిగ్గా అప్పుడే పెద్దపిల్ల కుండలోంచి దూకి, ఎగరబోయి, పడబోయి, మళ్లీ ఎగిరి బుగ్గలోడి పక్కన కొమ్మ మీద వాలింది. వేదిక మీద ఎవరూ చూడలేదు, జాతీయగీతానికి లేచి నుంచున్నారు. తీగ పక్కన నిలబడ్డ నూకరత్నం చూసింది. నా పక్కన వాసంతి చూసింది.

పట్టణం అనాథరహితమైంది. రెండు నెలలు హాయిగా గడిచాయి. నాలుగు పిల్లలూ సొంతంగా కొర్రలు ఒలుచుకు తింటున్నాయి, వాటిలో రెండింటి చెంపల మీద మచ్చలు కూడా వస్తున్నాయి. అప్పుడు కమిషనర్ గారు మళ్లీ శిక్షణకి వెళ్లొచ్చారు.

ఈసారి పితృచ్ఛాయ. తండ్రి లేని పసిప్రాణి పట్టణంలో ఉండకూడదు.

మాతృచ్ఛాయ రిజిస్టరు తిరగేస్తే మొదట కనబడింది నాలుగు పిట్టపిల్లలే. తల్లి: బుగ్గలమ్మ, జీవించి ఉన్నారు. తండ్రి ఎవరు? పక్షిశాలలో ఆ కుండకి చెందిన పక్షులు రెండే. ఒకరు తల్లి. కాబట్టి సోమవారం నాడు చచ్చిపడి ఉన్నది తండ్రి. చచ్చింది ఆడదన్న నా మూడు వాక్యాల కాగితం పార్కుల ఫైల్లో ఉంది, ఈ రిజిస్టర్లో లేదు. రికార్డు ప్రకారం ఇంకో దారి లేదు. నేనే రాశాను: ‘తండ్రి మరణించినారు.’

‘పితృవిహీనులు నలుగురు’ అన్నారు కమిషనర్ గారు దిగులుగా. ‘అర్హతలు చూడండి మేడం.’

‘పురుషుడై ఉండాలి. ఆవరణలోనే నివసించాలి. ఈ పిల్లల పోషణలో అనుభవం ఉండాలి’ అని చదివారు త్రివేణి గారు. ఈ ఫారంలో లింగం గడి ఉంది, పెద్దదిగా.

పక్షిశాలలో ఉన్న మగ పిట్టలన్నింటి సామర్థ్యాన్నీ ఇమ్మానుయేల్ గారు పరిశీలించి, మూడు అర్హతలూ ఉన్నది ఒక్కటేనని నివేదిక ఇచ్చారు. ఆ పిట్ట పేరు నివేదికలో నిజాయితీగానే రాశారు.

‘బుగ్గలమ్మా?’ అన్నారు త్రివేణి గారు. ‘తల్లి పురుషుడెలా అవుతుంది సార్? పైగా ఒకే వ్యక్తి రెండు హోదాల్లో ఉండకూడదు.’

కమిషనర్ గారు కుర్చీ వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నారు. నేను ఆయన దగ్గర తొమ్మిదేళ్లు పనిచేశాను. ఆయన గొప్పదనం ఇలాంటి క్షణాల్లోనే కనబడుతుంది.

‘హోదాలో ఉండకూడదు మేడం. నిజమే. కానీ బాధ్యతలు చూడొచ్చు. రాసుకోండి కామేశం గారూ.’

రాసుకున్నాను. ‘శ్రీమతి బుగ్గలమ్మ, తల్లి, పక్షిశాల వారు, తల్లిగా తమ ప్రస్తుత విధులకు భంగం కలుగకుండా, తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు, సదరు నలుగురు పిల్లలకు తండ్రిగా పూర్తి అదనపు బాధ్యతలు నిర్వహింపవలసినదిగా ఆదేశించడమైనది.’

‘మరి లింగం గడి సార్?’ అన్నారు త్రివేణి గారు.

‘అదనపు బాధ్యతలకి లింగంతో పనిలేదు.’

ఉత్తర్వు నకలు సంబంధిత వ్యక్తికి స్వయంగా అందజేసి, అందినట్టు రాయించుకోవాలి. పట్టుకెళ్లాను. నూకరత్నం మూకుళ్లు కడుగుతోంది. పక్షిశాలలో బుగ్గలోడు కొత్తగా వచ్చిన ఒక ఆడపిట్టతో కలిసి ఐదో కుండలో కొబ్బరిపీచు సర్దుతున్నాడు.

‘ఏంటండీ అది?’ అంది నూకరత్నం.

చదివి వినిపించాను. ఆవిడ అంతా విని చేతులు దులుపుకుంది. నేను కాగితాన్ని తీగ సందులో గుచ్చాను. బుగ్గలోడు ఎగిరొచ్చి దాని పక్కన వాలాడు. తల ఇటు వంచి ఒకసారి, అటు వంచి ఒకసారి చూశాడు. తర్వాత అంచు పట్టుకుని లాగాడు. సన్నటి పీలిక ఒకటి ఊడొచ్చింది, ‘తదుపరి ఉత్తర్వులు’ అన్న చోట. దాన్ని పట్టుకెళ్లి కుండలో పరిచి, ఇంకో పీలిక కోసం తిరిగొచ్చాడు.

పావుగంటలో ఉత్తర్వు మొత్తం కుండలోకి వెళ్లిపోయింది. నూకరత్నం వంగి కుండలోకి చూసింది.

‘ఇంకా అడుగు కూడా నిండలేదండి’ అంది. ‘ఆఫీసులో ఇలాంటియ్యి ఇంకేమైనా ఉంటే అట్టుకురండి బాబూ.’

చాలానే ఉన్నాయన్నాను.